పాఠకుల ప్రశ్న: రెండు బ్యాటరీలు మార్చాం, ఎర్ర లైటు మాత్రం ఆరడం లేదు

"అన్నయ్యా, మాది పర్లాకిమిడి. మా ఆయనకి సొంత డీజిల్ పికప్ ఉంది, పదకొండేళ్ళ బండి. సీజన్లో ఆర్.ఉదయగిరి, మోహనా వైపు కొండ ఊళ్ళ నుంచి జీడిపిక్కలు, చింతపండు దించి పాతపట్నం, మెళియాపుట్టి మీదుగా పలాస చేరుస్తారు. బండి ఆయన నడుపుతారు, లెక్కలు నేను చూస్తాను. ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు మార్చాం. అయినా పొద్దున్నే సెల్ఫ్ తిరగదు, నలుగురు కలిసి తొయ్యాల్సిందే. ఇంజన్ స్లోలో ఉంటే బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు సన్నగా వెలుగుతుంది, రేజ్ చేస్తే ఆరిపోతుంది. మంచు కోసమని ముందు నాలుగు ఫాగ్ లైట్లు పెట్టించాం. అవి వేస్తే హెడ్‌లైట్లు గుడ్డిదీపాలే. వారం నుంచి బ్రేకు కూడా రాయిలా ఉందంటున్నారు, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలీదు. డైనమో వెనక ఏదో పంపు ఉంది, అక్కడంతా ఆయిలు జిడ్డు. ఇక్కడి మేస్త్రి విప్పి రిపేరు చేస్తానంటాడు. బరంపురంలో షాపువాళ్ళు ఆల్టర్నేటర్ మొత్తం మార్చెయ్యాలంటారు. అసలు డైనమో, ఆల్టర్నేటర్ ఒకటేనా? ఎవరి మాట వినాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు."
ఒక చెల్లెలు, పర్లాకిమిడి

చెల్లెమ్మా, సంబంధం ఉందో లేదో తెలీదంటూ రాసిన ఆ బ్రేకు సంగతే ముందు చెబుతాను. సంబంధం ఉంది. బ్యాటరీ పాడైతే బండి ఆగుతుంది, డబ్బు పోతుంది, అంతే. లోడుతో కొండ దిగుతున్నప్పుడు బ్రేకు బరువెక్కితే అది డబ్బుతో పోయే నష్టం కాదు. అందుకని ఈ పని పూర్తయ్యేదాకా బావగారిని ఘాట్ ఎక్కనివ్వకండి. పగలైనా వద్దు. జీడిపిక్కల సీజను కొద్ది వారాల ముచ్చటేనని, ఒక ట్రిప్పు పోతే ఆ వ్యాపారి ఇంకో బండి చూసుకుంటాడని నాకూ తెలుసు. అయినా వద్దు.

మీరు ఏదో పంపు అన్నది వాక్యూమ్ పంపు. బ్రేకు పెడలు కాలికి మెత్తగా తగలాలంటే బూస్టరు అనే ఆ గుండ్రటి డబ్బాలో నుంచి గాలి లాగేసి ఉంచాలి. పెట్రోలు ఇంజన్ గాలి పీల్చుకునే దారిలోనే ఆ పని జరిగిపోతుంది. డీజిల్ ఇంజన్‌కి ఆ వీలు లేదు కాబట్టి విడిగా పంపు పెడతారు. చాలా పాత డీజిల్ జీపులకీ పికప్పులకీ ఆ పంపుని బ్యాటరీని చార్జి చేసే డైనమో వెనకాలే, అదే షాఫ్టుకి బిగిస్తారు. డైనమో తిరిగితే పంపూ తిరుగుతుంది. బెల్టు జారితే రెండూ నీరసిస్తాయి, బెల్టు తెగితే రెండూ ఆగిపోతాయి. ఒక పక్క చార్జింగు, మరో పక్క బ్రేకు ఒకేసారి దెబ్బతిన్నాయంటే ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్న చోటే చూడాలి.

ఇక ఆ ఆయిలు జిడ్డు. పంపులో రెక్కలు అరిగిపోకుండా ఇంజన్ ఆయిలే ఒక సన్నటి పైపులో వచ్చి, పని చేసి, లావుపాటి రబ్బరు పైపులో తిరిగి కిందికి దిగిపోతుంది. పంపుకీ డైనమోకీ మధ్య షాఫ్టు దూరే చోట ఒక చిన్న ఆయిల్ సీలు ఉంటుంది. అది ఎండి బిరుసెక్కినా, ఆయిలు తిరిగి దిగే పైపు లోపల మూసుకుపోయినా, ఆయిలు వెనక్కి తన్ని డైనమోలోకి కారుతుంది. అక్కడ తిరిగే రాగి రింగుల మీద రాసుకుంటూ రెండు కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. అరిగిన కార్బన్ పొడి, కారిన ఆయిలు కలిసి అచ్చం కాటుకలా తయారవుతుంది. నేను బెంచీ మీద విప్పిన ఇలాంటి డైనమోల్లో బ్రష్ వేలితో నొక్కితే స్ప్రింగు పైకి తన్నాల్సింది పోయి, ఆ కాటుకలో ఇరుక్కుని కిందే ఉండిపోయేది. రింగుని తాకీ తాకకుండా ఉన్న బ్రష్‌తో చార్జింగు ఎలా వస్తుంది? వచ్చినప్పుడు వస్తుంది, రానప్పుడు రాదు. మీ బండి లక్షణాలు నూటికి తొంభై పాళ్ళు ఇవే. కళ్ళతో చూడకుండా నేను అంతకుమించి ప్రమాణం చెయ్యను.

బ్రేకు పరీక్ష ఇంటి ముందే చేసుకోవచ్చు. బండి చదునుగా ఉన్న చోట, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజన్ ఆపి పెడలు నాలుగైదు సార్లు తొక్కమనండి. గట్టిపడుతుంది. అలాగే కాలితో నొక్కిపట్టి స్టార్టు చెయ్యాలి. పంపు బాగుంటే ఇంజన్ అందుకున్న కాసేపటికి పెడలు కాలి కింద కొంచెం కిందికి జారుతుంది. జారకపోతే బూస్టరుకి వాక్యూమ్ అందడం లేదని అర్థం. పంపైనా కావచ్చు, దాని నుంచి బూస్టరుకి వెళ్ళే గొట్టం చిట్లి ఉండొచ్చు, బూస్టరే పోయి ఉండొచ్చు. గొట్టం చూడడం తేలిక, ముందు అది చూడండి.

ఇంకోటి అడగనా, బావగారు నొచ్చుకోకూడదు. దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేసి గానీ, ఇంజనే ఆపి గానీ దించే అలవాటు ఉందా? మన కొండ రూట్లలో చాలామంది డ్రైవర్లు చేసే పనే. ఈ రకం బండికి ఇంజన్ ఆపితే పంపు ఆగుతుంది. బూస్టరులో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. ఆ తర్వాత బ్రేకు ఉన్నా దాన్ని తొక్కడానికి మనిషి బలం చాలదు. న్యూట్రల్లోనూ ఇంజన్ స్లోలోనే తిరుగుతుంది కాబట్టి చార్జింగు నామమాత్రమే. గేరులోనే దించాలి.

డైనమో, ఆల్టర్నేటర్ ఒకటేనా అన్నారు. పుస్తకం ప్రకారం కాదు. డైనమో అంటే నేరుగా డీసీ కరెంటు, అంటే బ్యాటరీకి కావాల్సిన ఒకే వైపు పారే కరెంటు ఇచ్చే పాతకాలం యంత్రం. ఇంజన్ స్లోలో ఉంటే అది ఏమీ ఇచ్చేది కాదు. పాత అంబాసిడర్ నడిపినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆల్టర్నేటర్ మొదట ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారే కరెంటు పుట్టిస్తుంది, లోపలి డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. సిలికాన్ డయోడ్లు చవకయ్యాక ఇది కార్లలోకి వచ్చింది. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1960లో వేలియంట్ కారుకి దీన్నే మామూలుగా బిగించింది. మన దగ్గర యంత్రం మారింది గానీ పేరు మారలేదు. కాశీబుగ్గలో అడిగినా గుణుపురంలో అడిగినా డైనమో అంటేనే మేస్త్రికి అర్థమవుతుంది. జనం నోట్లో ఉన్న మాటే రాతలోనూ ఉండాలని మీ ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారే పోరాడారు కదా. నేనూ డైనమో అనే రాస్తాను.

ఇప్పుడు ఎర్ర లైటు. దాన్ని మీ కాటాతో పోల్చుకోండి. ఆ బల్బుకి ఒక పక్క బ్యాటరీ, ఇంకో పక్క డైనమో. రెండు పక్కలా వోల్టేజి సమానమైతే ముల్లు మధ్యలో నిలబడినట్టు, బల్బులో కరెంటు పారదు, లైటు ఆరిపోతుంది. తాళం తిప్పి ఇంజన్ ఇంకా స్టార్టు చెయ్యనప్పుడు డైనమో పక్క ఖాళీ కాబట్టి నిండుగా వెలుగుతుంది, వెలగాలి కూడా. ఇంజన్ అందుకున్నాక సన్నగా వెలుగుతోందంటే డైనమో లేస్తోంది గానీ సరిసమానం కాలేకపోతోంది. రేజ్ చేస్తే ఆరిపోతోంది కాబట్టి అది పూర్తిగా చచ్చిపోలేదు. బ్రష్, డయోడ్, జారే బెల్టు, ఈ మూడింట్లో ఏదైనా ఇదే బొమ్మ చూపిస్తుంది. అన్నట్టు, తాళం తిప్పినా ఆ లైటు అసలు వెలగకపోతే మంచిదే కదా అనుకోకండి. చాలా బండ్లలో ఆ బల్బు గుండా వచ్చే కాస్త కరెంటుతోనే డైనమో నిద్ర లేస్తుంది. బల్బు మాడిపోయి చార్జింగు రాక, డైనమోయే మార్పించుకున్నవాళ్ళు ఉన్నారు.

బ్యాటరీల గురించి ఒక మాట. మీ రెండు బ్యాటరీలూ చెడ్డవని నేననుకోను. లెడ్ యాసిడ్ బ్యాటరీ సగం నిండిన కడుపుతో రోజుల తరబడి ఉంటే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిగా పేరుకుపోతుంది, ఆ తర్వాత ఎంత చార్జి ఇచ్చినా పట్టదు. డైనమో సరిగ్గా చార్జి పెట్టకపోతే మూడోదీ అదే దారి. కాబట్టి ఇప్పుడు ఎవరు చెప్పినా మూడో బ్యాటరీ కొనొద్దు. ఇప్పుడున్నదాన్ని దించి బయట చార్జర్ మీద తక్కువ ఆంపియర్లతో రాత్రంతా పెట్టించండి. పట్టితే బతికింది. పట్టకపోతే వారంటీ కార్డు వెతకండి, పాతది తూకానికి ఇచ్చేసే ముందే.

వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒకటి మీ ఇంట్లో ఉంటే బాగుంటుంది. పెద్ద ఖరీదు కాదు, లెక్కలు చూసే మీకు అంకెలు చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి ఎర్ర వైరు ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి ఆనించాలి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో మంచి బ్యాటరీ 12.6 చూపిస్తుంది. 12.4 అంటే ముప్పావు నిండింది, 12 కంటే తక్కువంటే ఖాళీ అయిపోయినట్టే. స్టార్టు చేసి కొంచెం రేజ్‌లో పెడితే 13.8 నుంచి 14.4 మధ్యకి రావాలి. హెడ్‌లైట్లు వేసినా 13.5 కంటే దిగకూడదు. ఇంజన్ తిరుగుతున్నా 12.1, 12.0, 11.9 అంటూ మెల్లగా దిగిపోతోందంటే బ్యాటరీ ఒక్కటే బండిని మోస్తోంది, డైనమో పనిలోకి రాలేదు. అదే 15 దాటితే ఇంకో రకం రోగం. రెగ్యులేటరు పోయి చార్జింగు మితిమీరింది, బ్యాటరీలో నీళ్ళు మరిగిపోతాయి, బల్బులు వరసగా మాడతాయి.

అదే మీటరుని ఏసీ వైపు తిప్పి, ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ మీదే పెడితే అర వోల్టు కంటే ఎక్కువ చూపించిందనుకోండి, డయోడ్ పోయిందన్న అనుమానం బలపడుతుంది. మీటరు లేనివాళ్ళకి నా పాత చిట్కా ఉంది. పొద్దున్నే, బండి ముట్టుకోకముందే బానెట్ ఎత్తి డైనమో మీద చెయ్యి వెయ్యండి. చలికాలం పొద్దున కూడా గోరువెచ్చగా ఉందంటే, రాత్రంతా బ్యాటరీ కరెంటు చెడిపోయిన డయోడ్ గుండా అందులోకి కారిపోతోంది. మీ బండి పొద్దున్నే తొయ్యాల్సి వస్తోందన్నారు కాబట్టి ఈ పరీక్ష తప్పకుండా చెయ్యండి.

డైనమో విప్పించే ముందు బెల్టు, వైర్లు చూడాలి. ఇది పది నిమిషాల పని, దీని వల్లే సగం గొడవలు తీరతాయి. బెల్టు లోపలి వైపు అద్దంలా నున్నగా మెరుస్తుంటే అది జారుతోంది. దాని మీద ఆయిలు పడి ఉంటే మరీ జారుతుంది. స్టార్టు చెయ్యగానే, లైట్లు వెయ్యగానే కీచుమంటోందా అని బావగారిని అడగండి. అలాగే డైనమో నుంచి బ్యాటరీకి వచ్చే లావు వైరు, ఇంజన్ నుంచి చాసిస్‌కి వెళ్ళే ఎర్తింగ్ పట్టీ. రెంటి చివర్లూ విప్పి, పచ్చగా తెల్లగా పట్టిన తుప్పు గీకి, మళ్ళీ బిగించాలి. రేజ్‌లో డైనమో బోల్టు దగ్గర 14.2 ఉండి బ్యాటరీ దగ్గర 13.2 ఉంటే పాపం డైనమో తప్పేం లేదు, దారిలో వైరు తినేస్తోంది.

ఇక్కడొకటి గట్టిగా చెప్పాలి. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ కేబుల్ పీకి, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టే అని పరీక్ష చేసే మేస్త్రులు ఇంకా ఉన్నారు. చెయ్యనివ్వకండి. ఇది పాత డీసీ డైనమోల కాలపు అలవాటు. నేను పని నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు అలాగే చేసేవారు, నేనూ అలాగే చేశాను. ఒక రోజు ఆల్టర్నేటర్ ఉన్న జీపు వస్తే దానికీ కేబుల్ పీకాను. క్యాబిన్ లైటు ఒక్కసారి తెల్లగా భగ్గుమంది, డయోడ్ ప్లేటు పోయింది, పార్కింగ్ బల్బులు పోయాయి. ఆ నెల నా జీతంలో సగం దానికే సరి. బ్యాటరీ అడ్డు తీసేస్తే వోల్టేజి ఒక్క క్షణంలో ఎక్కడికో ఎగిరిపోతుంది. కంప్యూటరు ఉన్న కొత్త బండ్లలో అయితే ఆ నష్టం డయోడ్లతో ఆగదు.

సరే, అసలు ప్రశ్న. రిపేరా, కొత్తదా?

మీ మేస్త్రి మాటే ముందు వింటాను. కానీ ఒక షరతు మీద. మీ కళ్ళ ముందు విప్పాలి. మీరు కూర్చోండి, కుర్చీ వేయించుకోండి, మొహమాటం వద్దు. విప్పే ముందు బ్యాటరీ మైనస్ కేబుల్ తియ్యాలి. డైనమో వెనక లావు బోల్టుకి తాళం తీసినా కరెంటు ఉంటుంది, పానా తగిలితే నిప్పులే. బయటికి తీశాక పుల్లీ పట్టుకుని చేత్తో తిప్పి చూడమనండి. చెవి దగ్గర పెడితే ఇసుక నలిగినట్టు కరకర వినబడిందా, బేరింగ్ పోయింది. పుల్లీ పక్కలకి ఊగినా అంతే. తర్వాత వెనక మూత. బ్రష్ బయటికి పొడుచుకుని ఉన్న భాగం సుమారు 5 మిల్లీమీటర్లకి దిగిపోతే మార్చెయ్యాలి. కాటుక అక్కడుందో లేదో మీరే చూస్తారు. రాగి రింగులు నల్లబడి ఉంటే సన్న ఎమరీ కాగితంతో తుడిస్తే మెరుస్తాయి. గోరు దిగేంత గాడి పడి ఉంటే లేత్ మీద పట్టించాలి, లేదా రింగులు మార్చాలి. తిరిగే రోటరుకి ఆ రెండు రింగుల మధ్య మీటరు పెడితే రెండు నుంచి ఐదు ఓమ్‌ల లోపు ఏదో అంకె రావాలి. ఏమీ రాకపోతే లోపల తీగ తెగింది.

ఇంతవరకూ, అంటే బ్రష్‌లు, రెగ్యులేటరు, రెండు బేరింగులు, ఆయిల్ సీలు, డయోడ్ ప్లేటు, వీటిలో పోయినవి మారిస్తే మీ పాత డైనమో ఇంకా కొన్నేళ్ళు నడుస్తుంది. చాలా రకాల్లో బ్రష్‌లు, రెగ్యులేటరు కలిసే ఒక ముక్కగా వస్తాయి, దాన్నే మేస్త్రులు కటౌట్ అంటారు. బేరింగు మాత్రం దాని మీద చెక్కిన నంబరు చదివి అదే తేవాలి. రెండు పక్కలా రబ్బరు మూత ఉన్నదే కావాలి. మన రోడ్ల ఎర్ర దుమ్ముకి మూత లేని బేరింగు ఒక వేసవి కూడా ఆగదు.

స్టేటరు అంటే చుట్టూ ఉండే రాగి చుట్ల రింగు. అది బంగారు రంగులో ఉండాలి. ఒక పక్కంతా బొగ్గులా నల్లబడి, కాలిన వార్నిషు వాసన వస్తోందా, అప్పుడు నేను బరంపురం షాపువాళ్ళ వైపుకి జరుగుతాను. రీవైండింగ్ చేయిస్తానని మేస్త్రి అంటాడు. మోటార్లకి అది బ్రహ్మాండమే. డైనమోకి మాత్రం నాకు నచ్చదు. ఇంజన్ పక్కన ఆ వేడిలో, ఆ కుదుపులో కంపెనీ చుట్టిన బిగువు చేతి చుట్టుకి రావడం అరుదు. నా చేతుల మీదుగా పోయినవే ఆరు నెలలు తిరక్కుండా మళ్ళీ బెంచీ ఎక్కాయి. బాడీకి బోల్టు బిగించే చెవి విరిగినా, బేరింగు కూర్చునే గూడు వదులైపోయినా కూడా కొత్తదే మేలు. లెక్క మనిషి కాబట్టి మీకు ఒక కొలత చెబుతాను. పార్టులు, కూలీ అంతా కలిపి కొత్తదాని ధరలో సగం దాటితే రిపేరు మానెయ్యండి.

మరి బరంపురం షాపువాళ్ళది మోసమా? అలా అనను. విప్పి కూర్చుని బాగుచేసే ఓపిక, మనిషి వాళ్ళ దగ్గర ఉండకపోవచ్చు, మొత్తం మారిస్తే వాళ్ళకి పూచీ సులువు. కానీ డబ్బు కట్టే ముందు ఒకటి అడగండి. చెప్పిన ధర వాక్యూమ్ పంపుతో కలిపా, పంపు లేకుండానా? లేకుండా అయితే మీ పాత పంపే కొత్తదానికి తగిలిస్తారు. సీలు కారుతున్న, రెక్కలు అరిగిన ఆ పంపు కొత్త బ్రష్‌లకీ కాటుక పెడుతుంది. అప్పుడు బ్రేకు రాయి రాయిలాగే ఉంటుంది, డబ్బు మాత్రం ఖర్చయిపోతుంది. అసలు మీరు ఎవరి దగ్గర చేయించినా నేను అడిగే మొదటి పని పంపు సీలు, ఆయిలు దిగే పైపు. బ్రష్ పోవడం ఫలితం, కారడం కారణం.

కొత్తది కొంటే పాతదాని మీదున్న ఆంపియర్ల అంకె చూసి అంతకు తగ్గకుండా తీసుకోండి, పుల్లీ గాడులు ఒకటేనో కాదో పక్కపక్కన పెట్టి చూడండి. పాతది ఊరికే వదిలెయ్యొద్దు, అందులో రాగి ఉంది, ఎక్స్చేంజిలో తగ్గించమనండి. స్క్రాప్‌లో తీసిన సెకండ్ హ్యాండు సరుకు చవకగా దొరుకుతుంది, రంగేసి కొత్తదానిలా మెరిపిస్తారు. అది మీ పాతదానికంటే ముసలిదై ఉండొచ్చు. ఇంకా, బరంపురంలో కొన్నది పాడైతే వారంటీ కోసం బరంపురమే వెళ్ళాలి, ఒక రోజు ట్రిప్పు పోతుంది. ధరలో కొద్దిపాటి తేడాయే అయితే ఊళ్ళోనే, బిల్లుతో కొనండి.

ఆ నాలుగు ఫాగ్ లైట్ల సంగతి. హాలోజన్ బల్బు ఒక్కోటి 55 వాట్లయితే నాలుగు కలిపి 220 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 18 ఆంపియర్లకి పైనే. హెడ్‌లైట్లు ఇంకో పది. వైపరు, హారను, పాటలు వేరే. డైనమో మీద రాసిన ఆంపియర్లు అది జోరుగా తిరిగినప్పటి లెక్క, స్లోలో అందులో సగం కూడా రాకపోవచ్చు. మీకు చెడిపోతున్న డైనమో మీద అదనపు బరువు కూడా పడింది. రెండు తీసెయ్యండి. మంచులో నాలుగు లైట్లు వేస్తే కనిపించేది మంచే, రోడ్డు కాదు. ఉన్న రెంటికీ రిలే, అంటే లైట్ల కరెంటంతా స్విచ్చి గుండా పోకుండా చూసే చిన్న డబ్బా పెట్టించి, ఫ్యూజు వేయించండి.

తిరిగి బిగించేటప్పుడు మూడు చోట్ల పక్కనే ఉండండి. పంపుకి వచ్చే ఆయిలు పైపు బోల్టుకి రాగి వాషర్లు కొత్తవి వెయ్యాలి, పాతవి తిప్పి వేస్తే కారతాయి. ఆ పైపు ఊడితే డైనమో కాదు, ఇంజన్ ఆయిలంతా రోడ్డు పాలై ఇంజనే పట్టేస్తుంది. మొదటిసారి స్టార్టు చేసే ముందు పంపులో కొద్దిగా ఇంజన్ ఆయిలు పొయ్యాలి, ఎండుగా తిరిగితే రెక్కలు గీసుకుపోతాయి. బెల్టు మరీ బిగించకూడదు. వదులైతే జారుతుంది, అతిగా బిగిస్తే కొత్త బేరింగు తొందరగా అరిగిపోతుంది. ఇక చార్జర్ మీద నిండిన బ్యాటరీనే బండికి పెట్టండి. ఖాళీ బ్యాటరీని కొత్త డైనమో చేత నింపించాలని చూస్తే అది గంటల తరబడి కాలిపోతూ పని చేస్తుంది. నీళ్ళ పంపుతో బండి కడిగించేటప్పుడు డైనమో వైపు నేరుగా కొట్టొద్దని కుర్రాడికి చెప్పండి.

అంతా అయ్యాక లోడు లేకుండా ఊరి బయటిదాకా ఒక రౌండు వేసి రమ్మనండి. వచ్చాక బానెట్ ఎత్తి, పైపు చుట్టూ కొత్త ఆయిలు తడి ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి. డిప్‌స్టిక్ తీసి ఆయిలు చూడండి. పెడలు పరీక్ష మళ్ళీ చెయ్యండి. ఈ మూడూ బాగుంటేనే కొండ.

మీకు వీలైతే నాకు మళ్ళీ రాయండి. లైట్లు వేసి రేజ్‌లో పెట్టినప్పుడు బ్యాటరీ మీద ఎన్ని వోల్టులు వచ్చాయి, వెనక మూత తీసినప్పుడు బ్రష్‌ల దగ్గర పొడిగా ఉందా, కాటుకలా ఉందా, పెడలు జారిందా లేదా, ఈ మూడు ముక్కలు చాలు. మిగతాది నేను చెబుతాను.